వెనక తొట్టి

ఏమండీ,

మీకు నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. మీరూ, పాపా, మామయ్యగారూ బాగున్నారని మీ ఉత్తరంలోనే రాశారు కనుక మళ్లీ అడిగి కాగితం దండగ చేయను. ఆదివారం ఫోన్లో మాట్లాడినప్పుడు పాప మీ చేతిలోంచి ఫోను లాక్కుంటూ పక్కనే ఉంది. దాని ముందు చెప్పగలిగినవి కొన్ని, చెప్పలేనివి కొన్ని. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది. భోజనం చేసి, పాప బడి నుంచి రాకముందే తీరిగ్గా కూర్చుని చదవండి.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను.

పాపను ఈతకు పంపండి. "ప్రమాదాలు లెక్కపెట్టడమే ఉద్యోగమైన తల్లి దీనికి ఒప్పుకుంటుందా" అని వెటకారం చేశారు. ఒప్పుకుంటుంది. ఈత రాని పిల్ల కంటే వచ్చిన పిల్ల గురించే నాకు దిగులు తక్కువ. నేర్పే మనిషి ఒడ్డున కుర్చీ వేసుకుని కబుర్లు చెప్పే రకమో, నీళ్లలో పిల్లల పక్కన ఉండే రకమో ఒకసారి వెళ్లి చూసి రండి. డబ్బా కట్టుకుని తేలడానికి అది నామోషీ పడితే, మీరు చిన్నప్పుడు కట్టుకున్నారని చెప్పండి. అబద్ధమైనా ఫరవాలేదు.

మామయ్యగారి కళ్లద్దాలు మళ్లీ ఆయన కిందే దొరికాయని రాశారు. కొత్తవి కొనేముందు ఆ మెత్తటి కుర్చీ తీసేసి గట్టి చెక్క కుర్చీ వేయండి. ఆయనకు కోపం వస్తుంది. నేను చెప్పానని చెప్పండి. అంత దూరం నుంచి కోప్పడటం ఆయనకూ కష్టమే.

ఇక మూడోది. నా ఉత్తరాలు తనిఖీ నివేదికల్లా ఉంటాయనీ, రోజంతా అసలు ఏం చేస్తానో ఇన్నేళ్లయినా మీకు బోధపడలేదనీ రాశారు. ఈసారి వివరంగానే చెబుతాను.

నేనుంటున్నది గొడుగులు బాగుచేసే దుకాణం మీది గది. కిందికి దిగి రెండు మలుపులు తిరిగితే నేతవాళ్ల వీధి. సగం ఇళ్లలో ముందు గదిలోనే మగ్గం ఉంటుంది. వీధి చివర పొడవాటి రేకుల షెడ్డు. ముందు భాగంలో మగ్గాలు, మధ్యలో నూలు చుట్టే గది, వెనక అద్దకం. చేత్తో నేసేవాళ్లకీ, రంగులద్దేవాళ్లకీ ఏ పనిలో ఎంత ముప్పు ఉందో చూసి రమ్మని మా ఆఫీసు నన్ను పంపింది. నేను ఒక్కో పని దగ్గర నిలబడి చూస్తాను. అక్కడ మనిషికి ఏ హాని జరగవచ్చో చూసి, అది ఎంత తరచుగా జరగవచ్చు, జరిగితే దెబ్బ ఎంత పెద్దది అని అంకెలు వేసి, ఆ రెండు అంకెలనీ హెచ్చిస్తాను. పెద్ద అంకె వచ్చినదాన్ని ముందు బాగుచేయాలి. ఆ గుణకారం మన పాప కూడా చేయగలదు. కష్టమంతా చూడటంలో ఉంది. ఎక్కువసేపు నిలబడి చూస్తే మనుషులకు అనుమానం వస్తుంది, తక్కువసేపు చూస్తే ఏమీ కనిపించదు.

ముందు గదిలో ఒక నేతగాడు ఉన్నాడు. మాటకారి. అతని మగ్గం దగ్గర బల్బు వీపు వెనక వేలాడుతుంది. అతని నీడే అతను నేస్తున్న గుడ్డ మీద పడుతుంది. దారం కనబడక మెడ వంచుతాడు. అలా వంచి వంచి, ఇప్పుడు పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. బల్బు తగిలించిన మేకును మూరెడు ముందుకు జరిపించాను. అంతే. మర్నాటికి వీధిలో మేకులన్నీ జరిగాయి. నూలు చుట్టే గదిలో దూది నలుసులు గాలిలో తేలుతుంటాయి. ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే కట్టుకుంటారు, మాట్లాడేటప్పుడు తీసేస్తారు. వాళ్లు మాట్లాడనిది ఎప్పుడని. అద్దకం దగ్గర ఆవిరి, తడి నేల, మోచేతుల దాకా రంగు. యాసిడ్ తెచ్చే మగ్గూ, మంచినీళ్లు తాగే మగ్గూ ఒకే రంగువి, ఒకే గూటిలో ఉంటాయి. ఆ ఒక్కదానికి మాత్రం నేను గొంతు పెంచాను.

ఒకరోజు ఆ నేతగాడు అడిగాడు. "అమ్మా, మా ఆవిడ కోపానికి ఎన్ని మార్కులేస్తారు?"

"ఎంత తరచుగా వస్తుంది?"

"పూటకోసారి."

"దెబ్బ గట్టిగా తగులుతుందా?"

"మాటలే లెండి. కాకపోతే లోతుగా దిగుతాయి."

పక్కన నూలు సరిచేస్తున్న వాళ్లావిడ తలెత్తకుండానే అంది. "ఆ ముప్పుకి కారణం ఎవరో అది కూడా రాసుకోండమ్మా."

ఆ రోజు నుంచి వీధిలో నా పేరు మార్కులమ్మ.

అద్దకం దగ్గర ఇద్దరు అన్నదమ్ములు. వాళ్లని అందరూ పెద్దోడు, చిన్నోడు అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. తండ్రి వాళ్ల చిన్నతనంలోనే పోయాడు. పెద్దోడు పొట్టిగా, గట్టిగా ఉంటాడు. అడిగితే తప్ప మాట్లాడడు. తమ్ముణ్ణి పెంచింది తనేనని ఎప్పుడూ అనలేదు గాని, చిన్నోడు అన్నం తినకుండా తను తినడు. చిన్నోడు పొడుగు. ఏదో ఒక పాట తప్పుగా కూనిరాగం తీస్తూ ఉంటాడు. వాళ్లమ్మ మధ్య గదిలో కండెలు చుడుతుంది. కండె అంటే నేసేటప్పుడు అడ్డంగా పరిగెత్తే దారాన్ని చుట్టిపెట్టే చిన్న పుల్ల. ఆవిణ్ణి అందరూ కండెలమ్మ అంటారు.

రంగుల్లో చేతులు పెట్టేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోమని ఇద్దరికీ ఇచ్చాను. పెద్దోడు తిరిగిచ్చేశాడు. "చేతికి నూలు తెలియాలమ్మా" అన్నాడు. చిన్నోడు కాసేపు ఆలోచించి ఒక్కటే తొడుక్కున్నాడు.

"ఇదేంటయ్యా?"

"ఒక చెయ్యి మీ మాటకి, ఒక చెయ్యి మా అన్న మాటకి. ఎవరికీ అన్యాయం జరగకూడదు కదండీ."

ఆ తర్వాత ప్రతి రోజూ అలాగే కనిపించాడు. నేను నా కాగితంలో "సగం పాటిస్తున్నారు" అని రాశాను.

షెడ్డు వెనక నేలలోకి కట్టిన సిమెంటు తొట్టి ఒకటి ఉంది. నిలువు మనిషి కంటే లోతు. పైన చెక్క మూత. అద్దకం అయ్యాక పారబోసే రంగు నీళ్లన్నీ ఆ తొట్టిలోకి వెళ్లి, మడ్డి కింద ఉండిపోతే, పైతేట గొట్టంలోంచి బయటికి పోతుంది. ఎప్పుడైనా మడ్డి ఎక్కువైతే ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని దిగి బకెట్లతో తోడతారు. ఆ వీధి మొత్తంలో నేను అన్నిటికంటే పెద్ద అంకె వేసింది ఆ తొట్టికి.

యజమాని ఆశ్చర్యపోయాడు. "మా నాన్న రోజుల నుంచీ దిగుతున్నామమ్మా. ఎవరికీ చీమ కుట్టలేదు."

నేను చెప్పాను. నలుపు అద్దకంలో వాడే మందు ఒకటి ఉంది. ఆ నీళ్లలో యాసిడ్ నీళ్లు కలిస్తే ఒక గాలి పుడుతుంది. అది మామూలు గాలి కంటే బరువు, పైకి లేవదు, తొట్టిలోనే పడుకుని ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. కాసేపటికి వాసన పోతుంది. పోయిందంటే గాలి బాగుపడిందనుకుంటారు, నిజానికి అప్పటికి ముక్కు పనిచేయడం మానేస్తుంది. ఎక్కువగా ఉంటే రెండు ఊపిరులకే మనిషి పడిపోతాడు.

యజమాని విన్నాడు. చెడ్డవాడు కాదు. మడ్డి లాగడానికి పంపు తెప్పిస్తానన్నాడు, ఆ రోజే చెప్పి పంపాడు కూడా. మూతకు తాళం వేయించాడు. తాళంచెవి మాత్రం షెడ్డు గుమ్మం పక్కన మేకుకు తగిలించాడు, అవసరమైనవాళ్లకు దొరకాలి కదా అని. అది మీ జేబులో ఉండాలి అన్నాను. అలాగే లెండి అన్నాడు. నేను తర్వాతి మగ్గం దగ్గరికి వెళ్లిపోయాను.

ఇప్పుడు మీ ఆఖరి ప్రశ్న. పోయిన ఉత్తరంలో నా రాత వంకరటింకరగా ఉందనీ, ఎవరిచేతైనా రాయించానా అనీ అడిగారు. తడి నేల మీద జారి మణికట్టు బెణికిందని ఫోన్లో చెప్పాను. పాప పక్కనుంది కదా. జారిపడలేదు. ఒక మనిషి కరిచాడు.

ఆ పొద్దున నేను ముందు గదిలో మగ్గాల చప్పుడు కొలుస్తున్నాను. వెనక తొట్టి గొట్టం మూసుకుపోయి, రంగు నీళ్లు వెనక్కి తన్ని షెడ్డు నేల మీదికి వస్తున్నాయి. కడిగి పిండిన ఎర్ర నూలు అక్కడే కుప్పగా పోసి ఉంది. ఆ మురుగు తగిలితే మొత్తం పాడవుతుంది. పెద్దోడు వీధిలోకి వచ్చిన నూలు బండి దగ్గరికి వెళ్లాడు. చిన్నోడు మేకు మీది తాళంచెవి తీసుకున్నాడు. నూలు చుట్టేవాళ్లలో ఒకామె చూసి, దిగొద్దన్నారు కదా అంటే, "గొట్టంలో గుడ్డేదో అడ్డం పడింది, లాగేసి వస్తా, ఒక్క నిమిషం" అన్నాడట. ముందు రోజు సాయంత్రం నలుపు నీళ్లు వదిలారు. ఆ పొద్దున ఎరుపుకి వాడిన యాసిడ్ నీళ్లు వదిలారు.

ఆమె కేక విని నేను వెనక్కి పరిగెత్తాను. మూత తీసి ఉంది. నిచ్చెన ఉంది. చిన్నోడు కింద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. మొహం బురదకు పైనే ఉంది. ఒక చేతికి తొడుగు ఉంది.

నా వెనకే పెద్దోడు వచ్చాడు. తొట్టిలోకి చూశాడు, నిచ్చెన మీద కాలు పెట్టబోయాడు. నేను ఒక చేత్తో షెడ్డు స్తంభాన్ని చుట్టి, రెండో చేత్తో అతని నడుం పట్టుకున్నాను. అతని బలం ముందు నాదేపాటి. నేతగాడూ, ఇంకో మనిషీ వచ్చారు గనుక సరిపోయింది. "వదలకండి. దిగితే ఇతనూ పోతాడు" అన్నాను. ఇలాంటి తొట్లలో పడిపోయినవాడు ఒకడైతే, వాణ్ణి తీయబోయి పోయేవాడు ఇంకొకడు. మా చదువులో మొదట నేర్పేది అదే. ఎన్ని చోట్ల ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. చెప్పిన మాటను చేతులతో చేయాల్సి వచ్చింది ఆ రోజే.

"నన్ను వదలండి. మా తమ్ముడండీ. ఒక్కసారి వదలండి" అని పెద్దోడు అరుస్తూ ఉన్నాడు. తర్వాత అరవడం మాని నా మణికట్టు కరిచాడు. నేను వదల్లేదు.

నూలు ఆరబెట్టే పెద్ద ఫ్యాను తెచ్చి తొట్టిలోకి గాలి కొట్టమన్నాను. యాసిడ్ నీళ్ల కొళాయి కట్టేయమన్నాను. అగ్నిమాపకం వాళ్లకు ఫోన్ చేయమన్నాను. కాగులోంచి నూలు పైకి తీసే కొక్కెం కర్రతో చిన్నోడి చొక్కా లాగించాను, తల మాత్రం అంచు దాటి కిందికి వంచొద్దని చెప్పి. కొక్కెం తగిలింది. చొక్కా చినిగింది. మళ్లీ తగిలించారు. మళ్లీ చినిగింది. నేను మామూలు గొంతుతోనే మాట్లాడానట. "కూరగాయలు బేరమాడుతున్నట్టు మాట్లాడారమ్మా" అన్నాడు తర్వాత నేతగాడు. మెచ్చుకున్నాడో, భయపడ్డాడో తెలియదు.

అగ్నిమాపకం వాళ్లు వీపు మీద గాలి సిలిండర్లతో వచ్చి, దిగి, పైకి తెచ్చారు. తెచ్చి ఆ ఎర్ర నూలు కుప్ప మీదే పడుకోబెట్టారు. అప్పటికి ప్రాణం లేదు.

ఇంతవరకు మా ఆఫీసుకు రాసి పంపాను. రాయనిది, అప్పటికి ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది.

పెద్దోణ్ణి పట్టుకుని ఉన్నప్పుడు చిన్నోడు పిలిచాడు. "అన్నా" అన్నాడు. ఒక్కసారే. గట్టిగా కాదు. పక్క గదిలో పడుకున్నవాడు నిద్రలో మంచినీళ్లు అడిగినట్టు. పెద్దోడు అరుస్తున్నాడు కనుక అతనికీ, అతన్ని పట్టుకున్నవాళ్లకూ వినబడలేదు. ఫ్యాను తెస్తున్నవాళ్లకు వినబడే వీల్లేదు. నేను తొట్టి అంచు వైపుకి ఒరిగి ఉన్నాను, నాకు వినబడింది. బతికే ఉన్నాడని తెలిసింది. తెలిశాక నేను పట్టు సడలించలేదు. ఇంకా బిగించాను.

నా లెక్క తప్పలేదండీ. ఎన్నిసార్లు వేసి చూసినా అదే జవాబు వస్తోంది. కింద మనిషి బతికి ఉన్నా సరే, గాలి సిలిండరు లేకుండా దిగినవాడు పైకి రాడు. ఆ గాలి మనిషి తమ్ముడా, అన్నా అని చూడదు. అంతా తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ గొంతు వినబడటం మానలేదు.

తర్వాతి రోజుల్లో షెడ్డులో పని ఆగిపోయింది. పెద్దోడు గుమ్మంలో కూర్చుని ఉండేవాడు. అటుగా వెళ్లే ప్రతివాళ్లతోనూ ఒకటే మాట. "ఆవిడ పట్టుకోకపోతే మా తమ్ముడు బతికేవాడు." మొహం మీద ఎవరూ కాదనలేదు. నేను నూలు చుట్టే గదిలోకి వెళితే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. వాళ్ల ముక్కుకు గుడ్డలు అప్పుడు సరిగ్గా ఉండేవి.

కండెలమ్మను పలకరించడానికి వెళ్లాను. మంచం మీద కూర్చోమంది. చెయ్యి చూసింది, కట్టు మార్చారా అని అడిగింది.  తర్వాత అంది.

"అమ్మా, ఒక్కటడుగుతాను. వాడు పిలిచాడా?"

"లేదు" అన్నాను.

మన పెళ్లయిన కొత్తల్లో, అబద్ధం చెప్పాల్సి వస్తే నా చెవులు ఎర్రబడతాయని మీరు నవ్వేవారు. ఆవిడ నా చెవుల వైపు చూడలేదు. "సరే" అని తలూపింది. లేచి మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను. ఏ మేలూ చేయలేకపోయానే అనుకుంటూ వెళ్లినదాన్ని, ఏదో ఒక మేలు చేశాననుకుంటూ తిరిగొచ్చాను.

తర్వాత విచారణకు రమ్మని కబురు వచ్చింది. పైనుంచి వచ్చే అధికారి అందరినీ కూర్చోబెట్టి అడుగుతాడు. కింద మనిషి నుంచి ఏమైనా చప్పుడు వచ్చిందా అన్నది తప్పకుండా అడిగే ప్రశ్న. నేనైనా అదే అడుగుతాను. అక్కడ నేను నిజమే చెప్పాలి. కండెలమ్మ అక్కడే ఉంటుంది. నలుగురిలో, అధికారి ముందు ఆ మాట మొదటిసారి ఆవిడ చెవిన పడకూడదనిపించింది.

విచారణ రేపనగా మధ్యాహ్నం వెళ్లాను. షెడ్డులో ముందు భాగం మళ్లీ నడుస్తోంది. మిగతా ఆడవాళ్లు భోజనాలకు వెళ్లారు. ఆవిడ ఒక్కతే రాట్నం తిప్పుతోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఆ రోజు మీరు అడిగినదానికి నేను అబద్ధం చెప్పాను. పిలిచాడు. అన్నా అన్నాడు. ఒక్కసారి."

రాట్నం ఆగలేదు. కండె నిండేదాకా తిప్పింది. నిండిన కండె తీసి బుట్టలో వేసింది. ఇంకో పుల్ల తీసుకుంది గాని తొడగలేదు.

"అయితే నాకు వినబడింది నిజమేనన్నమాట" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ అద్దకం అవతలి వెనక గుమ్మం వైపు చూపించింది. ఆ గుమ్మంలో నిలబడితే వెనక తొట్టి నాలుగడుగుల దూరం.

"కేక విని లేచి అక్కడిదాకా వచ్చాను. నువ్వు పెద్దోణ్ణి పట్టుకుని ఉన్నావు. వాడు గింజుకుంటున్నాడు. అప్పుడు చిన్నోడు పిలిచాడు. నువ్వు పట్టు బిగించావు. అదీ చూశాను."

నేను నా చేతి కట్టు వైపు చూసుకున్నాను.

"వదిలెయ్ అమ్మా అని నేను అనొచ్చు. అనలేదు. చేత్తో నోరు మూసుకుని నిలబడ్డాను. ఇద్దరినీ నేనే కన్నాను. ఒకడు పిలుస్తుంటే ఇంకొకణ్ణి వెళ్లనివ్వొద్దనుకున్నాను. అలా అనుకున్నదాన్ని నేనే."

"మరి పిలిచాడా అని నన్నెందుకు అడిగారు?"

"నేను విన్నది నిజమో, నా భ్రమో తెలియక. నువ్వు లేదన్నావు. నువ్వు చదువుకున్నదానివి, పక్కనే ఉన్నదానివి. భ్రమేలే అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే పట్టుకుని రెండు ముద్దలు తిన్నాను, కాస్త కన్ను మూశాను." పుల్లను వేళ్ల మధ్య తిప్పింది. "ఇప్పుడు అదీ లేకుండా పోయింది."

కోపంగా అనలేదు. దారం అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. నేను క్షమించమన్నాను. దేనికి క్షమించమంటున్నానో, మొదటి అబద్ధానికా, ఇప్పటి నిజానికా అన్నది నాకే తెలియలేదు. ఆవిడ అడగలేదు.

"నిన్ను చూస్తే పెద్దోడు బతికున్నాడని గుర్తొస్తుంది. చిన్నోడు లేడనీ గుర్తొస్తుంది. నా కళ్లముందుకి ఎక్కువగా రాకు తల్లీ. నీ మీద ద్వేషం కాదు."

"రాను."

"రేపు నీ మాట నువ్వు చెప్పు. నా సంగతి చెప్పొద్దు. పెద్దోడికి తెలిస్తే ఇక నా మొహం చూడడు. నాకు ఉన్నది వాడొక్కడే."

"చెప్పను" అన్నాను. లేచి వచ్చేశాను. బయటికి వచ్చేదాకా రాట్నం చప్పుడు వినబడలేదు.

విచారణ ఒక ఖాళీ గోదాములో జరిగింది. బెంచీలు వేశారు. అధికారి నెమ్మదస్తుడు, ఒక్కొక్కరినీ మధ్యలో ఆపకుండా చెప్పనిచ్చాడు. తాళంచెవి మేకుకు ఎందుకుందని అడిగినప్పుడు యజమాని తల వంచుకుని, "నా బుద్ధి తక్కువై" అన్నాడు. దాన్ని అక్కడ చూసి కూడా తీయించనిది నేనని నేనూ చెప్పాను. ఆ తర్వాత నా వంతు వచ్చింది. అనుకున్న ప్రశ్నే అడిగాడు, కింద నుంచి చప్పుడేమైనా వచ్చిందా అని.

"వచ్చింది. ఒకసారి పిలిచాడు" అన్నాను.

"ఏమని?"

"అన్నా అని."

పెద్దోడు లేచాడు. అతను లేచిన ఊపుకి బెంచీ వెనక్కి పడింది. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"విన్నారా? విని కూడా పట్టుకున్నారా?"

"విన్నాను. పట్టుకున్నాను."

నేతగాడు మా మధ్యకి రాబోయాడు. పెద్దోడి చేతులు రెండూ పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. మోచేతుల దాకా నలుపు ఇంకా వదల్లేదు. కొడతాడనే అనుకున్నాను. కొట్టినా బాగుండుననిపించింది, నిజం చెప్పాలంటే.

"ఒరేయ్" అంది వెనక నుంచి కండెలమ్మ. "నేనూ విన్నాను."

అతను తిరిగాడు.

"గుమ్మంలో ఉన్నాను. వాడు పిలవడం విన్నాను. ఆవిణ్ణి వదలమని నేను అనలేదు. నిన్ను పోనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది. ఎవరినైనా అనాలంటే నన్ను అను."

అధికారి కలం పక్కన పెట్టాడు.  పెద్దోడు వాళ్లమ్మను చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత వంగి, పడిపోయిన బెంచీని లేపి సరిగ్గా నిలబెట్టాడు. దాని మీద కూర్చోలేదు. బయటికి వెళ్లిపోయాడు. కండెలమ్మ లేచి అతని వెనకే వెళ్లింది.

గోదాము కిటికీలోంచి వీధి కనబడుతుంది. అతను పెద్ద పెద్ద అంగలు వేస్తూ పోతున్నాడు. ఆవిడ అందుకోలేకపోతోంది. పిలవడం లేదు, నడుస్తోంది అంతే. ఇద్దరి మధ్యా దూరం పెరిగిపోయింది. మలుపు దగ్గర అతను ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ వచ్చి పక్కన నిలబడేదాకా అలాగే ఉన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మలుపు తిరిగారు.

తొట్టిని పూడ్చేయమని ఉత్తరువు ఇచ్చారు. రంగు నీళ్లు ఇకనుంచి పైన తెరిచి ఉన్న కాలవలో, నలుపువి ఒకవైపు, యాసిడ్‌వి ఒకవైపు పోతాయి. నేను చేసింది సరైన పనేనని కూడా విచారణ నివేదికలో ఒక వాక్యం ఉంది. మా పై అధికారి ఫోన్ చేసి ఆ వాక్యం చదివి వినిపించాడు. పెద్దోడు పనిలోకి వచ్చాడు. నాతో మాట్లాడడు. వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడో లేదో నేను ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం ఒక్క గిన్నెలోదే ఇద్దరూ తింటున్నారని మాత్రం నేతగాడి భార్య తనంతట తనే చెప్పింది.

ఈ వారం తొట్టిలో రాళ్లూ మట్టీ పోస్తున్నారు. అది నేలతో సమానం కావడం చూసి బయల్దేరతాను. మీరు స్టేషనుకు రండి. పాపను కూడా తీసుకురండి. నా చేతి మీద మచ్చ ఏమిటని అది అడిగితే ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటాను.

మీరు నాకు ధైర్యం చెప్పాలని చూస్తారు, నాకు తెలుసు. సరిగ్గానే చేశావు అంటారు. అనండి, కాదనను. కానీ ఎప్పుడైనా నేను పని చేస్తూ చేస్తూ ఆగిపోయి, ఎవరో పిలిచారు అంటే, ఎవరూ పిలవలేదు అని మాత్రం నాతో అనకండి.

ఇట్లు,
ఇంటికి రాబోతున్న మీ ఇల్లాలు